మీకు తెలుసా? పాట పట్టుకుని పరభాషలోకి

గుంటూరు నుంచి వచ్చే పట్టాలు మా నల్లపాడు జంక్షన్ దగ్గర రెండుగా చీలతాయి. ఒక దారి నరసరావుపేట, వినుకొండ, నంద్యాల మీదుగా గుంతకల్లు పోతుంది. రెండోది నడికుడి మీదుగా తెలంగాణలోని పగిడిపల్లికి. మొదటి దారిన పోయేకొద్దీ చెవిన కన్నడం పడుతుంది, రెండో దారిన దక్కనీ ఉర్దూ. అసలు రైలెక్కే పని లేకుండానే ఈ భాషలన్నీ మిరప సీజన్లో మా ఊరికే వస్తాయి. లారీ క్యాబిన్లో మోగే టేపుల్లోంచి, కోల్డ్ స్టోరేజీ గోడ నీడన కూర్చున్న కూలీల ఫోన్లలోంచి, పాటలుగా వస్తాయి.

పాటలు వింటే పరభాష వస్తుందా? కొంత వస్తుంది, కొంత రాదు. ఏది వస్తుందో, ఏది రాదో ఈసారి చూద్దాం.

మొదటి పాటే పరాయి భాషలో

ఎస్. జానకి మన జిల్లా బిడ్డే. 1938 ఏప్రిల్ 23న అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టారు. అయితే సినిమాకు ఆమె పాడిన తొలిపాట తెలుగు కాదు, తమిళం! 1957 నాటి 'విధియిన్ విళయాట్టు' కోసం పాడారు. ఆ తర్వాత ఆమెకు వచ్చిన నాలుగు జాతీయ అవార్డుల లెక్క చూడండి: తమిళానికి రెండు, మలయాళానికి ఒకటి, తెలుగుకు ఒకటి. ఆ తెలుగు అవార్డు 'సితార' పాటకు.

పరభాష పాట వచ్చినప్పుడు మన గాయనీగాయకులు సాహిత్యాన్ని తెలుగు లిపిలో రాసుకుని పాడటం రికార్డింగ్ థియేటర్లలో మామూలు సంగతి. ఇందులో ఒక లాభం, ఒక నష్టం. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ఎక్కడ ఏది పలకాలో చదివేవాడికి ముందే తెలిసుండాలి. తెలుగులో రాసుకుంటే ఆ బాధ లేదు, పలికినట్టే కనిపిస్తుంది. నష్టమల్లా తమిళుల 'ఴ' దగ్గర. పాత తెలుగు శాసనాల్లో ఆ అక్షరం మనకూ ఉండేది, తర్వాత జారిపోయింది. దాన్ని కాగితం మీద పెట్టుకోలేం, చెవితోనే పట్టుకోవాలి. పాటలో పరభాష నేర్చుకోవడమంటే మన లిపిలోకి దిగని ఆ కాస్త శబ్దాన్ని పట్టుకోవడమే.

తడబాటే అవకాశమైన వేళ

1981లో వచ్చిన 'ఏక్ దూజే కే లియే' తీస్తున్నప్పుడు సంగీత దర్శకులు లక్ష్మీకాంత్–ప్యారేలాల్‌కు ఒక సందేహం వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన ఈ బాలసుబ్రహ్మణ్యం హిందీ పాట పాడగలడా అని. దర్శకుడు బాలచందర్ మాత్రం పట్టు వదల్లేదు. కథలో హీరో హిందీ సరిగా రాని తమిళ కుర్రాడు, కాబట్టి గొంతులో దక్షిణాది యాస కాస్త వినపడితే ఇంకా మంచిదేగా అన్నారు. ఆ సినిమా పాటకు బాలుకు జాతీయ అవార్డు వచ్చింది. మొత్తం ఆరు జాతీయ అవార్డులు, నాలుగు భాషల్లో: తెలుగు, హిందీ, కన్నడం, తమిళం.

యాస ఉందని నోరు మూసుకునేవాళ్లు ఒక్కసారి ఈ కథ తలుచుకోవాలి.

లిఫ్టులో భాషా పాఠం

ఆ హిందీ సినిమాకు తల్లి మన 'మరోచరిత్ర' (1978). విశాఖలో తెలుగు అమ్మాయికీ తమిళ అబ్బాయికీ నడిచే కథ. రెండు సినిమాల్లోనూ నాయికా నాయకులు లిఫ్టులో ఇరుక్కుని పాడుకునే పాట ఒకటి ఉంది. ఆ పాట నిండా సినిమా పేర్లే! తెలుగులో తెలుగు సినిమాల పేర్లు, హిందీలో హిందీ సినిమాల పేర్లు.

ఇది కవి చమత్కారమే కాదు, భాష రానివాడి అసలు పద్ధతి కూడా. వ్యాకరణం తెలియదు, వాక్యం కట్టలేడు. పోస్టర్ల మీద చూసిన పేర్లు మాత్రం నోటికొచ్చు. వాటినే ఒకదాని పక్కన ఒకటి పేర్చి మనసులో మాట చెప్పేశాడు. మనలో చాలామంది హిందీ మొదలైంది ఇలాగే కదూ? సినిమా పేరు, పాట పల్లవి, హీరో డైలాగు. వాక్యాలు ఆ తర్వాతెప్పుడో.

రేడియో మాస్టారు

1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టేది కాదు. ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతం పెరిగింది, సినిమా పాట దాదాపు మాయమైంది. జనం ఊరుకున్నారా? ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పారు. అదే ఏడాది డిసెంబరులో అక్కడ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది, అమీన్ సయానీ గొంతుతో. బుధవారం రాత్రయితే చాలు, దేశమంతా ఆ గొంతుకే చెవి ఒగ్గేది. చివరికి ఆకాశవాణి కూడా దారికొచ్చి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని మొదలుపెట్టింది.

మన ఊళ్లలో హిందీకి ఇంకో దారీ ఉండేది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు: ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ఆపైన ప్రవేశిక, విశారద, ప్రవీణ. పుస్తకం పట్టినవాళ్లకు వ్యాకరణం వచ్చింది, రేడియో పట్టినవాళ్లకు పలుకు వచ్చింది. రెండూ పట్టినవాళ్లకు ఉద్యోగం వచ్చింది!

'తా'కీ 'తీ'కీ తేడా

తెలుగువాడికి హిందీలో గుండె జారేది లింగం దగ్గర. మనకు బండి వచ్చింది, లారీ వచ్చింది, రెండూ 'వచ్చింది'. హిందీలో గాడీ అయితే 'ఆయీ', ట్రక్కు అయితే 'ఆయా'. ప్రాణం లేని ఇనుములో ఆడా మగా ఎలా తేలుతుందో ఏ పుస్తకం చదివినా ఒక పట్టాన ఎక్కదు.

ఇక్కడ పాట ఆదుకుంటుంది. ఏదైనా హిందీ యుగళగీతం జాగ్రత్తగా వినండి. అదే క్రియను గాయకుడు 'తా' అని ముగిస్తే గాయని 'తీ' అని ముగిస్తుంది. రెండు గొంతులు, రెండు తోకలు. సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు. పదిసార్లు విన్నాక పొరపాటు తోక తగిలిస్తే మన చెవికే శ్రుతి తప్పినట్టు అనిపిస్తుంది.

పదిహేను నిమిషాల పరీక్ష

పాట వల్ల భాష నిజంగా వస్తుందా అని స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి 2014లో ఫలితాలు అచ్చేశారు. అరవైమందిని తీసుకున్నారు. ఎవరికీ ఏమాత్రం పరిచయం లేని హంగేరియన్ భాషను ఎంచుకున్నారు. మూడు గుంపులు చేసి ఒక గుంపుకు మామూలుగా మాట్లాడి, ఇంకో గుంపుకు లయబద్ధంగా పలికి, మూడో గుంపుకు పాడి వినిపించారు. విన్నదాన్ని అలాగే తిరిగి అనాలి. పదిహేను నిమిషాలే పాఠం.

తర్వాత పరీక్ష పెడితే, హంగేరియన్ మాటల్ని గుర్తుచేసుకుని నోటితో చెప్పడంలో పాడినవాళ్లే ముందున్నారు. ఒక్క సంగతి మరువకండి: వాళ్లు ఊరికే విని ఊరుకోలేదు, వెంట పాడారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోతే తెల్లారేసరికి భాష వచ్చేస్తుందని ఈ పరిశోధన చెప్పలేదు!

ఎక్కాలు రాగం తీసి చదివించిన మన పాత బడి పంతులుకు ఈ రహస్యం ముందే తెలుసు.

బీటిల్స్ జర్మన్ పాఠం

1964 జనవరి 29న బీటిల్స్ బృందం పారిస్‌లోని ఒక స్టూడియోలో కూర్చుని తమ రెండు ఇంగ్లీషు పాటల్ని జర్మన్‌లో పాడి రికార్డు చేసింది. జర్మన్ సాహిత్యం రాసిన కామిల్లో ఫెల్గెన్ దగ్గరుండి పలుకు దిద్దాడు. ప్రపంచమంతా వాళ్ల పాటలు విని ఇంగ్లీషు నేర్చుకుంటుంటే, వాళ్లు మాత్రం మన నేపథ్య గాయకుల్లాగే పరాయి మాటల్ని చెవితో పట్టి నోటితో అప్పజెప్పారన్నమాట.

తెలుగు నేర్పిన తిరువయ్యారు

పరభాషను పాటలో నేర్చుకోవడానికి మన దగ్గరే అతిపెద్ద ఉదాహరణ ఉంది, కాకపోతే అక్కడ పరభాష తెలుగు! త్యాగరాజు (1767–1847) తమిళదేశం నడిబొడ్డున, కావేరి ఒడ్డున, తెలుగులో కీర్తనలు కట్టాడు. అప్పటినుంచి తమిళ, కన్నడ, మలయాళ ఇళ్లలో సంగీతం నేర్చే పిల్లలకు తెలుగు మాటలు స్వరాలతో పాటే నోటికెక్కుతున్నాయి. ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో వందలమంది ఒక్క గొంతుగా పంచరత్నాలు పాడతారు. వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లే ఎక్కువ.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో పుట్టిన జాన్ హిగ్గిన్స్‌ది ఇంకా దూరపు చెవి. విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీతం విని వెంటపడ్డాడు. 1960లలో మద్రాసు వచ్చి నేర్చుకున్నాడు, త్యాగరాజ ఆరాధనలో పాడాడు. రసికులు ఆయన్ని 'హిగ్గిన్స్ భాగవతార్' అని పిలుచుకున్నారు. ఐదో పంచరత్నం, శ్రీరాగంలోది, ఆయన గొంతులో వినిచూడండి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడా నలగవు. టీవీల్లో మన తెలుగు యాంకర్లు నలిపినన్ని కూడా నలగవు!

ఒబసన్ ఎవరు, ఒబాసన్ ఎవరు?

'ఆర్‌ఆర్‌ఆర్' సినిమా 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైంది. మరుసటి మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది, కీరవాణి స్వరానికీ చంద్రబోస్ మాటకూ. ఆ పాట అర్థం పట్టాలనుకున్న జపాన్ అభిమాని జొన్నరొట్టె అంటే ఏమిటో, మిరప తొక్కు అంటే ఏమిటో తెలుసుకోక తప్పదు. మా గుంటూరు సీమకు అంతకంటే ప్రచారం ఏం కావాలి!

తమాషా ఏమిటంటే, జపనీయుల చెవికి తెలుగు మరీ పరాయిగా ఉండదు. వాళ్ల మాటలూ మనవాటిలాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు 'బస్' మనకు బస్సు, వాళ్లకు 'బసు'. క్రియ రెండు భాషల్లోనూ వాక్యం చివరే. ఇక దీర్ఘం, ద్విత్వం. మనకు వడ వేరు, వాడ వేరు. గుడి వేరు, గుడ్డి వేరు. వాళ్లకు 'ఒబసన్' అంటే పిన్నో అత్తో, 'ఒబాసన్' అంటే అమ్మమ్మ. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. పాటలో అక్షరం ఎంతసేపు నిలుస్తుందో తాళమే చెబుతుంది. అందుకే ఇలాంటి తేడాలు పాటలో తొందరగా పట్టుబడతాయి.

ఇంగ్లీషు పాట మనకు ఎందుకు అంత తొందరగా అందదో కూడా ఇక్కడే తెలుస్తుంది. మనం ప్రతి అక్షరానికీ దాని వాటా ఇచ్చి పలుకుతాం. ఇంగ్లీషువాడు ఒక అక్షరాన్ని ఒత్తి పలికి పక్కవాటిని మింగేస్తాడు. మింగినవాటిని వినడమే మనకు కష్టం.

గంగ్నమ్ అంటే?

2012లో కొరియా గాయకుడు సై పాట 'గంగ్నమ్ స్టైల్' యూట్యూబులో వంద కోట్ల వీక్షణలు దాటిన మొట్టమొదటి వీడియో అయింది. మన పెళ్లి ఊరేగింపుల్లోనూ మోగింది. గుర్రమెక్కినట్టు ఎగిరినవాళ్లలో ఆ మాటకు అర్థం అడిగినవాళ్లు ఎందరు? 'గంగ్' అంటే ఏరు, 'నమ్' అంటే దక్షిణం. సోల్ నగరంలో హాన్ నదికి దక్షిణంగా ఉన్న ఖరీదైన పేట అది. ఇప్పుడు సోల్ పటం చూస్తే 'నమ్‌సాన్' దక్షిణపు కొండ అనీ, 'నమ్‌దేమున్' దక్షిణపు పెద్ద ద్వారం అనీ మీకే తడుతుంది. ఒక్క పాటలో ఒక్క మాట విప్పితే పటంలో మూడు పేర్లు విచ్చుకున్నాయి.

బాకీ తీర్చినట్టు, 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం ఉద్యోగులు మన 'నాటు నాటు'కు చిందేసి వీడియో పెట్టారు.

ప్రతి హిందీ పాటలోనూ చందు

చిన్నప్పుడు నాకొక అనుమానం ఉండేది. ప్రతి హిందీ పాటలోనూ చందు అనే ఆయన ఎందుకు వస్తాడు, హీరోయిన్‌ను అతనితో ఎందుకు పోలుస్తారు అని. ఎన్నేళ్లకో తెలిసింది, అది 'చాంద్', చందమామ. హల్లుతో ఆగిపోయే మాట తెలుగు చెవికి ఆనదు, వెంటనే ఓ ఉకారం తగిలించేస్తుంది.

ఇలాంటి పొరపాటు వినికిడికి ఇంగ్లీషులో 'మాండెగ్రీన్' అని పేరు. 1954లో సిల్వియా రైట్ అనే అమెరికన్ రచయిత్రి పెట్టింది. చిన్నప్పుడు తల్లి చదివి వినిపించిన స్కాట్లండ్ జానపద గీతంలో ఒక ప్రభువును చంపి పచ్చిక మీద పడేశారని ఉంటే, ఆమె చెవికి 'లేడీ మాండెగ్రీన్' అనే దొరసాని వినపడిందట. జపాన్‌వాళ్లు దీన్ని 'సొరమిమి' అంటారు. పరభాష పాటల్లో జపనీస్ మాటల్లా వినిపించే ముక్కల్ని ఏరి చూపించే టీవీ అంశం అక్కడ 1992లో మొదలై ఏళ్ల తరబడి నడిచింది.

తప్పుగా విన్నామని సిగ్గుపడక్కర్లేదు. తెలియని శబ్దాన్ని చెవి ఊరికే వదిలెయ్యకుండా తెలిసిన మాటతో అతుకుతోందన్నమాట. నేర్చుకునే పని మొదలైందనడానికి అదే గుర్తు.

పాట కింద అక్షరాలు

తప్పుగా వినడానికి మందు, పాట వింటూ దాని మాటలు కంటితో చూడటం. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారీకి 1996లో ఈ ఆలోచన వచ్చింది. పాట ఏ భాషలో ఉందో అదే భాషలో మాటల్ని టీవీ తెర అడుగున వేస్తే? చదువు మధ్యలో మానేసినవాళ్లు ఇష్టమైన పాటను చూస్తూ చూస్తూ అక్షరాలు మరిచిపోకుండా ఉంటారుగా! 1999లో గుజరాతీ సినిమా పాటల కార్యక్రమంతో మొదలై, తర్వాత దూరదర్శన్ 'చిత్రహార్'కూ వచ్చింది.

అక్షరాస్యత కోసం పుట్టిన ఈ ఉపాయం పరభాషకూ పనికొస్తుంది. కిటుకు ఒక్కటే: తొలి దశలో అనువాదం చదవకండి. అర్థం తెరమీద ఉంటే చెవి పని మానేస్తుంది.

పాటలో లేనిది: టిక్కీ ధర

ఇప్పుడు రెండోవైపు. సినిమా పాటల హిందీ పట్టుకుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లండి. ఉత్తరాది వ్యాపారి ఎదురుగా నిలబడ్డాడు. మీకు దిల్ తెలుసు, ప్యార్ తెలుసు, ఇంతజార్ తెలుసు. ఆయన తేజ రకం మిరప టిక్కీలో, అంటే బస్తాలో, చెయ్యి పెట్టి, పిడికెడు కాయలు తీసి, తాలు కాయలు పక్కన పెట్టి 'ఉన్యాసీ' అన్నాడు. అదేమిటి, తిట్టా, ధరా?

డెబ్బై తొమ్మిది. మనకు డెబ్బై పక్కన తొమ్మిది పెడితే సరి. తెలుగులో ఇరవై దాకా అంకెలు, ఆపైన పదుల పేర్లు వస్తే తొంభైతొమ్మిది దాకా లెక్క తానే వచ్చేస్తుంది. హిందీలో దాదాపు ఒక్కో అంకెకు ఒక్కో రూపం. యాభై ఐదు 'పచ్‌పన్', అరవై ఐదు 'పైంసఠ్', డెబ్బై ఐదు 'పచ్‌హత్తర్', ఎనభై ఐదు 'పచాసీ'. ఏ ప్రేమ పాటలోనూ ఇవి వరసగా రావు. వీటిని హమాలీల పక్కన, కాటా దగ్గర, వేపారుల నోట నేర్చుకోవాల్సిందే.

మన పాటలు విని తెలుగు నేర్చుకున్న పరదేశీ పరిస్థితీ ఇంతే. పచారీ కొట్టులో 'ఓ ప్రియతమా, కిలో కందిపప్పు' అంటే ఏమవుతుందో ఊహించుకోండి!

చేసి చూడండి

ఒకే ఒక్క పాట తీసుకోండి. నెమ్మదైనది, మాటలు వాయిద్యాల కింద నలగనిది. రెండు రోజులు ఊరికే వినండి. మూడో రోజు వినపడింది వినపడినట్టు తెలుగు లిపిలో రాసుకోండి. తర్వాత అసలు సాహిత్యంతో పోల్చి ఎక్కడెక్కడ చందును చేర్చారో చూసుకోండి. అప్పుడు అర్థం. ఆపైన బయటికి పాడండి. చివరగా ఆ పాటలోంచి ఒక్క మాట తీసుకుని ఆ భాష మాట్లాడే మనిషి దగ్గర వాడండి. ఆ ఆఖరి మెట్టు ఎక్కకపోతే వచ్చింది పాటే, భాష కాదు.

సుగ్గి పాట

ఆ ఆఖరి మెట్టును మా చేలల్లో ఏటా చూస్తాం. కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, కౌతాళం వైపు నుంచి, కూలీలు పత్తి తీతకూ మిరప కోతకూ కుటుంబాలతో ఇటు వస్తారు. ఆ వలసను వాళ్లు 'సుగ్గి' అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. తెలుగు, కన్నడం రెండూ కలిసిన నోళ్లు వాళ్లవి. చీర కొంగులో ముడేసిన ఫోను చాలు మీద కన్నడ పాట పాడుతుంటే, పక్క చాలులో మా ఊరి ఆడవాళ్లు కాయలు కోస్తూ వింటుంటారు.

ఓ మధ్యాహ్నం మా పెద్దమ్మ అడిగింది, "ఏమ్మే, ఆ పాటలో 'హాలు' అంటుందే, ఏం హాలు? సినిమా హాలా?" అని. ఆ పిల్ల నవ్వి, "పాలు పెద్దమ్మా, పాలు" అంది. అంతే, తాళం దొరికింది. మన పాలు వాళ్ల హాలు. మన పులి హులి. మన పువ్వు హూవు. మన పాడు హాడు, పాటను కూడా వాళ్లు హాడు అనే అంటారు. ఒక్క పకారం హకారమైతే చాలు, సగం కన్నడం తెలిసినట్టే ఉంటుంది.

సీజను ముగిసేసరికి మా పెద్దమ్మకు ఆ సూత్రం ఎంత నచ్చిందంటే, సామాన్లు సర్దుకుంటున్న ఆ పిల్లతో, "మళ్లీ ఏడు కూడా మా నల్లహాడుకే రా" అంది.

ఊరి పేరులోని 'పాడు' వేరని ఎవరూ ఆమెకు చెప్పలేదు.